తండ్రినాటి బుల్లెట్టుకు తోడు

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం చేరే బాటలో నేటికీ అప్పుడప్పుడు ఒక శబ్దం వినవస్తుంది. దూరాన ఎవరో నింపాదిగా రోకటిపోటు వేస్తున్నట్లుండే ఆ శబ్దాన్ని విని, బండిని చూడకుండానే పాత బుల్లెట్టు అని పోల్చుకోవచ్చును. దానిని నడుపుతున్నవాడు కొన్నవాడు కాకపోవడమే తరచు. తండ్రి కొన్నాడు, కొడుకు చేతికి వచ్చింది. వచ్చిన నాటినుండి ఆ కొడుకును ఒక సందేహం పీడిస్తున్నది. ఈ బండికి కొత్త భాగాలు తొడిగి నేటి కాలానికి సరితూగేటట్లు చేయించడమా, లేక దీనిని ఇలాగే ఉంచి పక్కన మరొక బండి కొనుక్కోవడమా?

ఈ సందేహం తీరాలంటే ముందుగా ఆ బండి పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలియాలి. బుల్లెట్టు అనే పేరు ఇంగ్లండులో 1932 నాటిది. మన సైన్యం సరిహద్దు గస్తీకి దానిని ఎన్నుకోవడంతో ఇక్కడ కాలూనింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. మొదట విడిభాగాలు ఓడలో వచ్చేవి; పిదప పనిముట్లే వచ్చాయి; తరువాత బండి మొత్తం తిరువొత్తియూరులోనే తయారయింది. కన్నతల్లి వంటి ఆంగ్ల సంస్థ 1970 నాటికి మూతపడగా, పెంపుడింట బిడ్డ బ్రతికి బట్టకట్టింది. 346 ఘనపు సెంటీమీటర్ల ఆ పోత ఇనుప ఇంజను పెద్ద మార్పు లేకుండా దశాబ్దాలపాటు నడిచింది.

దానిని మేల్కొలపడమే ఒక విద్య. హాండిలు పక్కనున్న చిన్న మీటను నొక్కి సిలిండరులోని ఒత్తిడిని విడవాలి. అమ్మీటరు ముల్లు నడుమకు వచ్చేవరకు కిక్కును మెల్లగా అదమాలి. అప్పుడు మీట వదలి ఒక్క తన్ను తన్నాలి. పద్ధతి తెలియక తన్నినవాని కాలిని బండి ఎదురు తన్నుతుంది. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. తండ్రి దగ్గర నిలబడి నేర్చుకోవలసిన విద్య ఇది.

ఇప్పుడు మార్పుల సంగతి. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టవచ్చునంటారు. మీట నొక్కితే కదిలే సెల్ఫు స్టార్టరు, ముందు చక్రానికి డిస్కు బ్రేకు, ఎడమకాలికి గేర్లు, ఐదు గేర్ల పెట్టె - జాబితా పెరుగుతూనే ఉంటుంది. చిక్కు ఏమిటంటే ఒక మార్పు మరొక మార్పును అడుగుతుంది. సెల్ఫు కావాలంటే పెద్ద బ్యాటరీ, దానికి తగిన విద్యుత్తు కావాలి. డిస్కు కావాలంటే చక్రపు నాభిని, ముందరి ఫోర్కును ముట్టుకోక తప్పదు. ప్రాచీన కావ్యంలో ఒక పద్యం బాగులేదని లేఖకుడు తన పద్యం చేర్చితే, అది అతకడానికి ఇంకొక పద్యం చేర్చవలసి వస్తుంది. చివరకు మిగిలేది కవి కావ్యమూ కాదు, లేఖకుని కావ్యమూ కాదు. తెలుగు పంతుళ్లకు ఈ ప్రక్షిప్తాల బెడద కొత్త కాదు.

అయితే మార్పు వేరు, జీర్ణోద్ధరణ వేరు. అరిగిన బ్రేకు లైనర్లు, చిట్లిన వైర్లు, పెళుసెక్కిన టైర్లు మార్చడం పాతదనానికి ద్రోహం కాదు, అది విధి. నేటి పెట్రోలులో ఇరవై శాతం వరకు ఇథనాలు కలుస్తున్నది. పాత రబ్బరు గొట్టాలు దానికి తాళలేవు. వాటిని మార్చి తీరాలి. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ పరికరం పెట్టడం కూడ కొంత క్షమించదగినదే, తీసినవాటిని పారవేయక ఇంట దాచినట్లయితే.

చట్టం సంగతి చాలమందికి పట్టదు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను చెబుతున్నది. 2019లో సుప్రీంకోర్టు దానినే గట్టిపరచింది. భద్రాచలం దాటి చింతూరు వైపు వెళ్లేవారు 2014 నుండి ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెడుతున్నారు. కాగితాలలో ఒక ఇంజను, బండిలో మరొకటి ఉంటే రెండు రాష్ట్రాల పోలీసులకూ సమాధానం చెప్పుకోవాలి. ఇక యాభై ఏండ్లు దాటి, మూలరూపం చెడని బండ్లకు 2021లో కేంద్రం ప్రత్యేకమైన నమోదు కల్పించింది. రుసుము 20,000 రూపాయలు, పదేండ్ల గడువు. కాని అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తీయవచ్చునే తప్ప నిత్యవాడుకకు తీయరాదు. అంటే, ఆ గౌరవం కోరినవానికి రెండవ బండి తప్పనిసరి అన్నమాట.

దుమ్ముగూడెం వైపో, చర్ల వైపో ఒక ఉపాధ్యాయుడు రోజూ బడికి పోతున్నాడనుకుందాము. ఆషాఢ శ్రావణాలలో గోదావరి పోటెత్తుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటింది. అంత వరద లేకున్నా వాగులు పొంగుతాయి, పాయింట్లు తడుస్తాయి. అడవి నడుమ ఆగిన పాత బండికి పాయింట్ల మధ్య సందు సరిచేయగల మిస్త్రీ ఎక్కడ దొరుకుతాడు? ఆ విద్య తెలిసినవారు నానాటికీ తగ్గిపోతున్నారు. వెనుక సీటుపై విద్యార్థి కూడ ఉండవచ్చును. ఎంత ఖర్చు పెట్టి మార్చినా, 2019 నుండి 125 సీ.సీ. దాటిన ప్రతి కొత్త బండికీ తప్పనిసరియైన ఏ.బీ.ఎస్. బ్రేకు పాతదానికి సక్రమంగా అమరదు. కావున హంగులకు పెట్టే సొమ్ముతో, మరికొంత చేర్చి, సాదాసీదా బండి ఒకటి కొనుక్కోవడమే మేలు. అది బుల్లెట్టే కానక్కర లేదు. కాని ఒక్క ప్రమాదం ఉన్నది. వారమంతా కుడికాలితో బ్రేకు వేసినవాడు ఆదివారం పాతబండి ఎక్కి, మేక అడ్డం వచ్చినప్పుడు గేరును తొక్కుతాడు. మొదటి రెండు మైళ్లు మెల్లగా పోవడమొక్కటే దీనికి మందు.

రెండవది వచ్చిందని మొదటిదానిని గోనెసంచి కప్పి పంచన పెట్టరాదు. కదలని ఇంజనుకు తుప్పు చుట్టం. వారానికొకసారి పది మైళ్లయినా తిప్పాలి. ఊరక స్టార్టు చేసి ఆపితే చాలదు, ఇంజను బాగా వేడెక్కితేనే లోపలి చెమ్మ ఆరుతుంది. వానకాలం తీయకుండా ఉంచదలచినచో ట్యాంకులోని, కార్బురేటరులోని పెట్రోలు దింపి, బ్యాటరీ తీగ విప్పి ఉంచాలి. ఎండలు ముదరకముందే, మాఘంలోనో ఫాల్గుణంలోనో, పాల్వంచ దాకా ఒకసారి తీసుకొనిపోవచ్చును. పిల్లవానికి ఆ అమ్మీటరు ముల్లు సంగతి చెప్పడానికి అది మంచి సమయం.