ఆటలో కచేరీ: అక్షరాలే స్వరాలు

అంతర్జాలంలో వేలమంది కలిసి ఆడే పాత్రధారణ ఆటల్లో యుద్ధాలే కాదు, వాద్య కచేరీలూ జరుగుతాయి. అమెరికాకు చెందిన టర్బైన్ సంస్థ 2007లో విడుదల చేసిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఆన్‌లైన్’ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ.

ఇందులోని పాత్రలు ల్యూట్, హార్ప్, వేణువు, డోలు వంటి వాద్యాలను వాయిస్తాయి. శ్రుతి వాద్యాల పరిధి మూడు స్థాయిలు. కీబోర్డు మీటలతో నేరుగానూ వాయించవచ్చు. అయితే ఒక్కొక్కరి నాదం ఇతరులకు ఒక్కో జాప్యంతో చేరుతుంది కనుక బృందవాద్యంలో తాళం తప్పుతుంది.

దీనికి పరిష్కారం ‘ఏబీసీ’ స్వరలిపి. జానపద బాణీలను కంప్యూటర్‌లో నమోదు చేసేందుకు బ్రిటన్‌కు చెందిన క్రిస్ వాల్షా దీన్ని రూపొందించారు. మన సరిగమల మాదిరిగానే ఇందులోనూ స్వరాలను అక్షరాలతో రాస్తారు. వాద్యకారులు తమతమ భాగాల ఫైళ్లను సిద్ధం చేసుకున్నాక, బృందనాయకుడి ఆదేశంతో అన్నీ ఒకేసారి మోగుతాయి.

వాయించేది ఫైలే అయితే మనిషి ప్రతిభ ఎక్కడ? ఏ స్వరాన్ని ఏ వాద్యానికి పంచాలి, ఎక్కడ మౌనం పాటించాలి అన్న కూర్పులో ఉంది. 2009లో ఈ ఆటలోని వెదర్‌టాప్ కొండపై మొదలైన ‘వెదర్‌స్టాక్’ సంగీతోత్సవానికి పునాది ఆ కూర్పే.