చేపల తొట్టె చిల్లరుకు తగిన పంపు

రంగు చేపల పెంపకము కొద్దిచోటులో, కొద్దినీటితో సాగు పని. పెరటిలో సిమెంటు తొట్లున్న రైతులు పిల్లలను పెంచి నగరమునకు పంపవచ్చును. నగరములోని వ్యాపారులు వానిని అద్దపు తొట్లలో నిలువ ఉంచి అమ్మవలెను. ఈ ఇరువురికిని గడ్డుకాలము ఎండకాలమే. హైదరాబాదులో మే నెలలో పగటి వేడి 40 డిగ్రీల సెంటిగ్రేడును దాటుట కద్దు. పాతబస్తీ ఇరుకు గల్లీలలో, గాలి సోకని గదులలో, రాత్రివేళ సైతము తొట్టె నీరు తగినంత చల్లబడదు. అందుచే కొందరు నీటిని చల్లబరచు చిల్లరు యంత్రమును కొనుచున్నారు. అంత సొమ్ము వెచ్చించియు, దానికి నీరందించు పంపు విషయమున పొరబడినచో యంత్రము ఒకవంక తిరుగుచునే యుండును. చేపలు ఒకవంక చచ్చుచునే యుండును. తగిన పంపును ఎంచుకొను విధమును ఇచట వివరించుచున్నాము.

చిల్లరు ఎవరికి అవసరము?

నీరు వేడెక్కిన కొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల వరకు కరగగలదు. 30 డిగ్రీల వద్ద 7½ మిల్లీగ్రాములే. అదే సమయమున చేపకు కావలసిన ప్రాణవాయువు పెరుగును. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారము వంటిదే ఈ స్థితి. పాతబస్తీ ప్రక్కనున్న మీరాలం చెరువు వంటి పెద్ద నీటిరాశి ఒక పగటి ఎండకు అడుగు వరకు వేడెక్కదు. 200 లీటర్ల తొట్టె ఒక్క పూటలోనే వేడెక్కును.

అయినను అన్ని చేపలకు చిల్లరు అక్కరలేదు. కొర్రమీను నీటిపైకి వచ్చి గాలిని నేరుగా పీల్చగలదు. దూద్‌బౌలీలో మొదలై, తరువాత నాంపల్లి ఎగ్జిబిషను మైదానమునకు మారిన మృగశిర కార్తె చేపమందు పంపిణీకి, ఆ ఎండలలో కొర్రమీను పిల్లలను ప్రాణముతో చేర్చుటకు ఈ గుణము తోడ్పడుచున్నది. గప్పీ, మోలీ చేపలు 28 డిగ్రీల వరకు సుఖముగా నుండును. గోల్డుఫిష్‌కు మాత్రము 18 నుండి 24 డిగ్రీలు అనుకూలము.

కావున మొదట తొట్టెను ఎండ తగలని చోట ఉంచి, నీటిపై చిన్న ఫ్యాను గాలి వీచునట్లు చేసి చూడవలెను. రంజనులోని నీరు చల్లబడినట్లే, వేసవి పొడిగాలికి తొట్టె నీరు రెండు మూడు డిగ్రీలు తగ్గును. ఆవిరియైన నీటిని మరల నింపుచుండవలెను. ఇది చాలనప్పుడే చిల్లరు కొనవలెను.

పంపు ఎక్కువైనను, తక్కువైనను నష్టమే

పంపు తొట్టె నీటిని చిల్లరులోని గొట్టము గుండా త్రోసి తిరిగి తొట్టెకు చేర్చును. గంటకు కనీసము ఎన్ని లీటర్లు, గరిష్ఠము ఎన్ని లీటర్లు పోవలెనో చిల్లరుతో వచ్చు పుస్తకములో వ్రాసియుండును. ఈ రెండు హద్దుల నడుమ నీరు పారునట్లు చూచుటయే పంపు ఎంపికలోని ముఖ్యాంశము.

నీరు తక్కువగా పారినచో యంత్రములోనున్న కొద్దినీరు మిక్కిలి చల్లబడి, తొట్టె వేడిగా నుండగనే యంత్రము ఆగిపోవును. మాటిమాటికి ఆగి తిరుగుటవలన అది త్వరగా పాడగును. లోపలి నీరు గడ్డకట్టి గొట్టము పగులు ప్రమాదము కూడ కలదు.

పెద్దపంపు మేలను భావమును సరికాదు. నీటిలో మునిగియుండు పంపు వాడుకొను విద్యుచ్ఛక్తి యంతయు చివరకు వేడిగా మారి ఆ నీటిలోనే చేరును. 40 వాట్ల పంపు ఒక దినములో దాదాపు ఒక యూనిట్ కరెంటు వాడును. ఆ వేడి బయటకు పోకున్నచో 240 లీటర్ల నీటిని 3 డిగ్రీలకు పైగా వేడెక్కించును. 10 వాట్ల పంపు ఒక డిగ్రీ కూడ వేడెక్కించదు. చల్లబరచుటకు ఒకసారి, పంపు చేర్చిన వేడిని తీయుటకు మరొకసారి డబ్బు చెల్లించుట ఎందులకు?

అట్టపెట్టెపై అంకెలు

పంపు పెట్టెపై రెండు అంకెలుండును. ఒకటి గంటకు గరిష్ఠముగా పోయు నీరు. రెండవది పంపు నీటిని ఎత్తగల గరిష్ఠపు ఎత్తు. ఈ రెండును ఒకేసారి లభింపవు. ఏ ఎత్తునకును తోడనప్పుడే మొదటి అంకె నిజమగును. రెండవ అంకెకు చేరునప్పటికి ఒక్క చుక్క కూడ రాదు. బావి పంపుసెట్టు అమ్మువారు 'హెడ్డు' అనునది ఈ ఎత్తునే.

ఎత్తును పంపు ఉన్న చోటు నుండి గాక, క్రింది నీటిమట్టము నుండి పైన నీరు పడు మట్టము వరకు కొలువవలెను. తొట్టెలోనే పంపు ఉంచి, నీటిని క్రిందనున్న చిల్లరుకు పంపి తిరిగి అదే తొట్టెలో నీటిమట్టము వద్ద వదలినచో, ఎత్తు దాదాపు లేనట్లే. అప్పుడు గొట్టములు, బెండులు, చిల్లరు కలిగించు ఒరిపిడి మాత్రమే లెక్కకు వచ్చును. క్రింద సంపు ఉంచి పైతొట్టెకు తోడువారు ఎత్తును, ఒరిపిడిని రెంటిని కలుపుకొనవలెను.

లెక్క చూచు విధము

4 అడుగుల పొడవు, 1½ అడుగు వెడల్పు, 1½ అడుగు ఎత్తుగల తొట్టె 9 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున 255 లీటర్లు. కొంత వెలితిగా నింపినచో 240 లీటర్లు. దీనికి తగిన చిల్లరు గంటకు 900 నుండి 1,500 లీటర్లు కోరుచున్నదనుకొందము. సంపు నుండి ఎత్తు 1.2 మీటరు, ఒరిపిడికి 0.5 మీటరు కలుపగా మొత్తము 1.7 మీటరు.

2,000 లీటర్లు, 2 మీటర్లు అని వ్రాసియున్న పంపు ఇచట చాలునని తోచును. కాని 2 మీటర్లలో 1.7 పోగా మిగులునది 0.3 మాత్రమే. అనగా అందు నీరు సుమారు 300 లీటర్లు. 2,500 లీటర్లు, 3 మీటర్ల పంపునకు 1.3 మీటరు మిగులును. అది సుమారు 1,080 లీటర్లు ఇచ్చును. ఇదియే తగిన పంపు. ఇది ఉజ్జాయింపు లెక్క. కంపెనీవారు ఎత్తువారీగా నీటి పట్టికను ఇచ్చియున్నచో దానినే అనుసరింపవలెను.

బొక్కెన పరీక్ష

పంపు బిగించిన తరువాత, తొట్టెలో నీరు పడు గొట్టమును అదే ఎత్తున పట్టి 10 లీటర్ల బొక్కెనను నింపి, పట్టిన కాలమును గడియారముతో చూడవలెను. 36,000ను ఆ సెకండ్లతో భాగించిన గంటకు వచ్చు లీటర్లు తెలియును. 30 సెకండ్లయిన 1,200 లీటర్లు. పై చిల్లరుకు బొక్కెన 24 నుండి 40 సెకండ్ల నడుమ నిండిన సరిపోవును. ఎక్కువ వచ్చుచున్నచో పంపు నుండి నీరు వెలువడు వైపున వాల్వును కొద్దిగా మూయవచ్చును. నీరు పీల్చు వైపున ఎన్నడును మూయరాదు.

కొన్ని జాగ్రత్తలు

1. పంపు ముందు స్పాంజి ఉంచి, దానిని పదునైదు దినములకొకసారి కడుగవలెను. పాచి, బోరునీటి ఉప్పుపొర పట్టినకొలది నీరు తగ్గును. నెలకొకసారి బొక్కెన పరీక్ష చేయుట మంచిది.

2. చిల్లరు తీసిన వేడిని గదిలోనికే వదలును. దానిని గోడకు ఆనించక, కిటికీ వద్ద గాలి ఆడు చోట ఉంచవలెను.

3. నీరు తగులు గొట్టము టైటానియముదిగా నుండవలెను. రాగి చేపలకు హాని చేయును.

4. ఎర్తు కనెక్షను తప్పనిసరి. నీటిలో చేయి పెట్టుటకు ముందు ప్లగ్గు తీయవలెను.

5. కరెంటు పోయినప్పుడు వాడుటకు బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపును సిద్ధముగా ఉంచుకొనవలెను.

బావికి పంపుసెట్టు కొను రైతునకును ఈ నియమమే వర్తించును. అశ్వశక్తిని చూచి గాక, తనకు కావలసిన ఎత్తున వచ్చు నీటిని చూచి కొన్నవాడు నష్టపోడు. గ్రామోద్యోగులు ఈ బొక్కెన పరీక్షను తమ గ్రామములలో ఒకసారి చేసి చూపినచో పలువురకు మేలు కలుగును.