గన్ను కారుతోందా? ముందే స్ప్రింగ్‌ని అనకండి

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మోటార్లు, పంపులు, బేరింగులు అమ్మే దుకాణాల వెనక సందులో నా రిపేరు బల్ల ఉంది. పెయింటర్లు వాడే ఎయిర్‌లెస్ యంత్రాలు, వాటి గన్నులు బాగుచేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది రోగమేమిటో తామే తేల్చుకుని వస్తారు. "అన్నా, గన్ను కారుతోంది. స్ప్రింగ్ పోయింది. ఒకటి ఇయ్యి, సైటు మీద మేమే ఏసుకుంటం" అంటారు. స్ప్రింగ్ చవక, పేరు అందరికీ తెలుసు. అందుకే నింద ముందు దానిమీద పడుతుంది.

ఈ యంత్రం సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలకు ఎమల్షన్ కొట్టేది ఇప్పుడు చాలాచోట్ల ఇదే. పాత కంప్రెసర్ గన్నులో రంగును గాలి చిమ్ముతుంది. ఇందులో గాలి లేదు. పిస్టన్ పంపు బకెట్లోంచి రంగును పీల్చి పైపులోకి నొక్కుతుంది. అంత ఒత్తిడి మీద ఉన్న రంగు గన్ను చివరి టిప్‌లోని సన్నని రంధ్రంలోంచి బయటపడగానే తుంపరలవుతుంది. టిప్ మీద 517 అని ఉందనుకోండి, మొదటి అంకెను రెట్టింపు చేస్తే అడుగు దూరం నుంచి గోడ మీద పడే పట్టీ వెడల్పు, అంటే 10 అంగుళాలు. చివరి రెండంకెలు రంధ్రం కొలత. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 17, అంటే అర మిల్లీమీటరు కూడా కాదు. ఒత్తిడి మాత్రం 3000 పీఎస్‌ఐ దాకా పోతుంది. కారు టైరులో మనం కొట్టించే గాలి 30, 32.

గన్ను లోపల సరంజామా పెద్దగా ఏమీ ఉండదు. ట్రిగ్గర్ నొక్కితే నీడిల్ వెనక్కి జరుగుతుంది, దాని ముక్కున ఉన్న కార్బైడ్ గుండు సీటు మీంచి లేస్తుంది, రంగు పోతుంది. వేలు వదలగానే నీడిల్‌ని ముందుకు తోసి గుండును మళ్లీ సీటులో కూర్చోబెట్టేది స్ప్రింగ్. దాని ఉద్యోగమంతా మూయడమే. పట్టీ అంచుల్లో గీతలు పడుతున్నాయని స్ప్రింగ్ అడిగేవాళ్లను అక్కడే ఆపేస్తాను. ఆ గీతలు ఒత్తిడి చాలకపోతేనో, ఫిల్టర్ పూడుకుపోతేనో, టిప్ అరిగితేనో వస్తాయి.

వేలు వదిలాక కూడా టిప్ నుంచి చుక్కలు పడుతుంటే అప్పుడు లోపల వెతకాలి. నేను ముందు సీటు చూస్తాను. ఎండిన రంగు పెచ్చో, వడగట్టకుండా పోసిన రంగులోని ఇసుక రేణువో గుండుకీ సీటుకీ మధ్య ఇరుక్కుంటే ఎంత గట్టి స్ప్రింగైనా మూయలేదు. కడిగితే పోతుంది. సీటులో గాడి పడి ఉంటే కడిగినా లాభం లేదు, మార్చాల్సిందే.

ఆ తరువాత చూసేది ప్యాకింగ్. నీడిల్ కాడ చుట్టూ ఉండి రంగును వెనక్కి రానివ్వని సీలు అది. నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చే గన్నుల్లో స్ప్రింగ్ వెనకవైపు మూత కింద, పొడిగా ఉండాల్సిన చోట ఉంటుంది. ప్యాకింగ్ అరిగితే రంగు కొద్దికొద్దిగా ఊరి ఆ గదిలోకి చేరుతుంది. పని అయ్యాక గన్నులోకి నీళ్లు పోసి కడిగినా అవి అక్కడిదాకా రావు. ఎమల్షన్ ఒకసారి ఎండిందంటే మళ్లీ నీళ్లకు కరగదు. చుట్ల మధ్య అది గట్టిపడి స్ప్రింగ్ పూర్తిగా నలగదు, సాగదు. ట్రిగ్గర్ మొరాయిస్తుంది, వదిలినా నింపాదిగా ముందుకొస్తుంది. మూత విప్పి చూసిన పెయింటరుకు కనబడేది రంగు పట్టిన స్ప్రింగ్. దాన్ని పారేసి కొత్తది వేస్తాడు. దొంగ మాత్రం ప్యాకింగ్ దగ్గరే ఉన్నాడు. కొత్త స్ప్రింగూ అదే దారిన పోతుంది.

ఇంతకీ స్ప్రింగ్ నిజంగా అలసిపోయిందని ఎలా తెలుస్తుంది? నీడిల్‌ని బయటికి తీసి, స్ప్రింగ్ లేకుండా వేళ్లతో ప్యాకింగ్‌లోంచి ముందుకీ వెనక్కీ ఆడించండి. పట్టేస్తుంటే తప్పు స్ప్రింగ్‌ది కాదు. సాఫీగా ఆడుతుంటే పాత స్ప్రింగ్‌నీ అదే మోడల్ కొత్త స్ప్రింగ్‌నీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టండి. పాతది పొట్టిగా కనబడితే, ఒక పక్కకు వాలితే, చుట్ల మధ్య ఎడం సమంగా లేకపోతే, తుప్పు గుంటలుంటే మార్చేయండి. ఇంత తేలికైన పరీక్షను చెయ్యకుండానే డబ్బు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యమే.

విప్పేముందు చెయ్యాల్సిన పనొకటుంది. దాన్ని దాటేసేవాళ్లతో మాత్రం నేను మర్యాదగా మాట్లాడలేను. యంత్రం ఆపినంత మాత్రాన ఒత్తిడి పోదు, అది పైపులోనే కూర్చుని ఉంటుంది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ట్రిగ్గర్ లాక్ వేయాలి. ఒత్తిడి నాబ్ పూర్తిగా తగ్గించి, ప్రైమ్ వాల్వును బకెట్ వైపు తిప్పాలి. ఆ తరువాత లాక్ తీసి, గన్ను లోహాన్ని ఇనప బకెట్ అంచుకు ఆనించి ట్రిగ్గర్ నొక్కి మిగిలినది వదిలేయాలి. మళ్లీ లాక్. టిప్ పూడుకుపోయిందని అనుమానముంటే ఒత్తిడి దిగలేదనే అనుకోవాలి. టిప్ గార్డు నట్టును చాలా మెల్లగా వదులు చేస్తూ లోపలిది కొద్దికొద్దిగా పోనివ్వాలి. టిప్ ముందు వేలు పెట్టడం, పైపు లీకును చేత్తో మూయడం చెయ్యకూడదు.

ఆ ధార చర్మాన్ని సూదిలా దాటుతుంది. బయట కనబడేది చిన్న చుక్క, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండకపోవచ్చు. లోపల రంగు వేలిని కదిపే స్నాయువుల వెంట పైకి పాకి ఉంటుంది. పసుపు అద్ది, గుడ్డ కట్టి మళ్లీ పనిలోకి దిగినవాళ్లు వేలు పోగొట్టుకునే దెబ్బ ఇది. ఇది కొత్త యంత్రంతో వచ్చిన కొత్త జబ్బేమీ కాదు. ఒత్తిడి మీదున్న డీజిల్ ఒంట్లోకి దూరిన సంగతి 1937లోనే అమెరికా వైద్య పత్రికలోకెక్కింది. ఆసుపత్రికి వెంటనే పోవాలి, 'గీరుకుంది' అనకుండా 'ఒత్తిడితో రంగు లోపలికి దూరింది' అని చెప్పాలి, రంగు డబ్బానో దాని మీది వివరాలనో వెంట తీసుకుపోవాలి. ఇది ఆపరేషన్ చేసే సర్జన్ చూడాల్సిన దెబ్బ.

ఒత్తిడి దిగాక మిగతా పని తేలికే. టిప్, గార్డు తీసేయాలి. ముందున్న సీటు భాగాన్ని విప్పేటప్పుడు ట్రిగ్గర్ నొక్కి పట్టుకోవాలి, లేకపోతే గుండు సీటు మీద రాసుకుంటూ తిరిగి రెండూ పాడవుతాయి. బిగించేటప్పుడూ అంతే. వెనక మూతను ఒక చేత్తో అదిమిపట్టి విప్పండి, స్ప్రింగ్ ఎగిరి సామాన్ల కిందికి పోతే వెతకడమే ఒక పూట పని. ఏది ముందు, ఏది వెనక వచ్చిందో వరుసగా గుడ్డ మీద పేర్చుకోవాలి, లేకుంటే ఫోనులో ఫొటో తీసుకోవాలి. గదిని ఎండిన రంగు లేకుండా గీకి శుభ్రం చేసి, నీడిల్ కాడకూ సీళ్లకూ పలచగా గ్రీజు రాసి కొత్తవి ఎక్కించాలి. బిగించాక ముందు నీళ్లతో, తక్కువ ఒత్తిడిలో చూడాలి. వేలు వదలగానే టక్కున ఆగాలి, వెనక నుంచి చెమ్మ రాకూడదు.

సైట్ల మీద ఇంకో వైద్యం నడుస్తుంటుంది. పాత స్ప్రింగ్‌ని పట్టుకారుతో లాగి పొడవు చేస్తారు. తీగ ఒకసారి వంగిపోయాక దాని బలం తిరిగి రాదు. మళ్లీ కుంగుతుంది, ఈసారి త్వరగా. ఇంకొందరు హార్డ్‌వేర్ షాపులో దొరికిన లావు తీగ స్ప్రింగ్ వేస్తారు. కారడం ఆగినట్టే ఉంటుంది, సాయంత్రానికి పెయింటరు వేళ్లు వాస్తాయి, గుండు సీటును సుత్తిలా కొట్టి కొట్టి గాడి చేస్తుంది. కంపెనీలు నీడిల్, స్ప్రింగ్, సీళ్లను కలిపి కిట్టుగా అమ్మడం వ్యాపారమే, కాదనను. కానీ అవన్నీ ఒకే ఈడువి. ఒకటి పోయిందంటే మిగతావీ దారిలోనే ఉంటాయి. కిట్టు కొనేముందు గన్ను మీది మోడల్ నంబరు రాసుకుని రండి, చూడ్డానికి ఒకేలా ఉన్న గన్నులకు కూడా స్ప్రింగ్ కొలతలు వేరు.

కిట్టు వద్దు, ప్యాకింగ్ వద్దు, ఒక్క స్ప్రింగే చాలని పట్టుబట్టేవాళ్లు ఉంటారు. వాళ్లకు స్ప్రింగ్ అమ్ముతాను. బిగించి మాత్రం ఇవ్వను.