ఉగ్గుగిన్నె కూడా ఒక అమానతే

గత శీతాకాలంలో ఒకనాటి సాయంత్రం అస్ర్ నమాజు ముగించుకొని మద్రసా అరుగు మీద కూర్చొని ఉన్నాము. కొల్లిపరలో మేముండే వీధికి చెందిన ఒక పెద్దావిడ, ఆమె కోడలు ఒక పసివాణ్ణి ఎత్తుకొని వచ్చారు. పిల్లవానికి ఎనిమిది నెలలు. కాళ్లు, చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఏడ్చే ఓపిక కూడా లేనట్లు తల్లి భుజం మీద వాలిపోయి ఉన్నాడు. “మౌల్వీ సాబ్! రెండు నెలలుగా వీడికి ఒళ్లు రావడం లేదు. ఎవరి నజరో తగిలింది. కాస్త దుఆ చదివి ఊదండి” అన్నది ఆ పెద్దావిడ.

మేము సూరా ఫాతిహా చదివి, బిడ్డ మీద ఊది, స్వస్థత కోసం అల్లాహ్‌ను వేడుకున్నాము. తర్వాత “వీడికి ఏమేమి పెడుతున్నారమ్మా?” అని అడిగాము. నాలుగో నెలలోనే తల్లిపాలు చాలడం లేదనిపించి డబ్బా పాలు మొదలుపెట్టారట. డబ్బా ఖరీదు భరించలేక, చెప్పిన కొలతలో సగం పొడి మాత్రమే వేసి సీసా నింపుతున్నారట. పూటకొక బిస్కెట్టు టీలో నానబెట్టి తినిపిస్తున్నారట. చివరగా ఆ పెద్దావిడ ఎంతో నమ్మకంతో, “రోజూ పొద్దున్నే వేలితో తేనె కూడా నాకిస్తున్నామండీ. వీడు పుట్టినప్పుడు మీరే కదా తేనె నాకించి, సున్నత్ అని చెప్పారు!” అన్నది.

ఆ మాటకు మా వద్ద సమాధానం లేకపోయింది.

మరునాడు వారితోపాటు మేమూ ఆసుపత్రికి వెళ్లాము. వైద్యురాలు బిడ్డ బరువు తూచి, ఆకలే ఈ బిడ్డ జబ్బు అన్నారు. తేనె సంగతి మేమే అడిగాము. ఆమె చెప్పిన విషయాన్ని ప్రతి ముస్లిం ఇంటికీ చేర్చడం మా బాధ్యత అనుకొని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

తేనె, తహ్నీక్

తేనెలో బొటులిజం అనే వ్యాధిని కలిగించే సూక్ష్మజీవుల బీజాలు ఉండే అవకాశం ఉంది. పెద్దల పేగులు వాటిని మొలకెత్తనివ్వవు. ఏడాది నిండని పసిబిడ్డల పేగులకు ఆ శక్తి ఇంకా రాదు. ఆ బీజాలు అక్కడ మొలకెత్తి విషాన్ని తయారు చేస్తే బిడ్డ కండరాలు సడలిపోతాయి, పాలు చీకలేడు, శ్వాస కూడా ఆగిపోవచ్చు. ఇది అరుదైన వ్యాధే, కాని ప్రాణాంతకమైనది. ఇంట్లో తేనెను వేడి చేసినంత మాత్రాన ఆ బీజాలు నశించవు. అందుచేత ఏడాది నిండేవరకు ఒక్క చుక్క తేనె కూడా వద్దని వైద్యులు చెబుతారు.

మరి సున్నత్ మాటేమిటి? హజ్రత్ అస్మా (రజి) తన కుమారుడు అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి)ను దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి తెచ్చినప్పుడు, ఆయన ఖర్జూరాన్ని నమిలి బిడ్డ అంగిలికి రాశారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. దీనినే తహ్నీక్ అంటారు. ఆ ఉల్లేఖనంలో ఉన్నది ఖర్జూరం. అది ఒక్కసారి చేసే శుభకార్యమే గాని నెలల తరబడి సాగే ఆహారం కాదు. ఖర్జూరం దొరకనప్పుడు తీపి పదార్థం ఏదైనా సరిపోతుందని పండితులు చెప్పిన మాటను పట్టుకొని మేమందరం తేనె సీసా తెరిచాము. తహ్నీక్ ముస్తహబ్, అంటే చేస్తే పుణ్యం, చేయకపోతే పాపం లేదు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, వైద్యులు వద్దన్నా మానుకోవడంలో దోషం లేదు. చేయదలచిన వారు చేతులు శుభ్రంగా కడుక్కొని, మెత్తగా నలిపిన ఖర్జూరాన్ని అంగిలికి తడి తగిలినంత మాత్రమే రాయాలి. ఇన్నేళ్లుగా తేనె నాకించిన మా పొరపాటును ఆ శుక్రవారమే జమాఅత్ ముందు ఒప్పుకున్నాము.

ఖుర్ఆన్ చూపిన పద్ధతి

తల్లిపాల గురించి దివ్య ఖుర్ఆన్ వివరంగా మాట్లాడింది. అల్ బఖరా సూరా 233వ ఆయత్ ప్రకారం పాల గడువును పూర్తి చేయదలచిన వారికి అది రెండు నిండు సంవత్సరాలు. ఆ కాలంలో తల్లి తిండి, బట్టల బాధ్యత తండ్రిది. అంతకుముందే పాలు మాన్పించాలనుకుంటే తల్లిదండ్రులిద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపులతో చేయాలని కూడా ఆ ఆయత్ బోధిస్తుంది. బిడ్డ నోటికి అందే ఆహారం గురించి భార్యాభర్తలు కూర్చొని మాట్లాడుకోవాలని దైవమే ఆదేశించాడన్న మాట. మన ఇళ్లలో ఆ సంప్రదింపు ఎక్కడున్నది? ఆ రోజు మద్రసాకు వచ్చినవారు అత్తాకోడళ్లు. తండ్రికి డబ్బా ధర తెలుసు గాని, అందులో సగం పొడే కలుస్తున్నదని తెలియదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉన్నది. మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే. మండుటెండల్లోనూ వేరే నీళ్లు అక్కరలేదు, ఎందుకంటే తల్లిపాలలో అధికభాగం నీరే. 6 నెలలు నిండగానే మెత్తని ఇంటి ఆహారం మొదలుపెట్టి, రెండేళ్లు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించాలి. ఆరో నెలకే ఎందుకు? పుట్టినప్పుడు బిడ్డ ఒంట్లో ఉన్న ఇనుము నిల్వలు అప్పటికి తరిగిపోతాయి, తల్లిపాలు ఒక్కటే ఆ లోటు తీర్చలేవు. మెడ నిలిపి, ఆసరాతో కూర్చొని, గిన్నె చూడగానే నోరు తెరిచే బిడ్డ ఆహారానికి సిద్ధమైనట్లే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నవారు సుమారు 11 శాతమే. ఇది కేవలం పేదరికం వల్ల వచ్చిన లోటు కాదు. ఏది, ఎంత, ఎలా పెట్టాలో తెలియకపోవడం కూడా ఇందుకు ఒక కారణం.

మన ఉగ్గు

తెలుగునాట ఏ మంచి గుణాన్నైనా ఉగ్గుపాలతో అబ్బినదని చెప్పుకుంటాము. ఆ ఉగ్గునే మనం మరచి అంగడి డబ్బా వైపు చూస్తున్నాము. కృష్ణ ఒడ్డున ఉన్న మన మండలంలో వరి ఉన్నది, మినుము ఉన్నది, అరటి తోటలున్నాయి. ఉగ్గుకు కావలసినది ఇంతకంటె ఏమున్నది?

రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పప్పు ఉగ్గు కొలత. పప్పులో సగం పెసరపప్పు, సగం కందిపప్పు వేసుకోవచ్చు. విడివిడిగా కడిగి, నీడన గుడ్డ మీద ఆరబెట్టి, సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించాలి. చల్లారాక చిటికెడు వాముతో కలిపి సన్నని రవ్వగా విసరాలి. తడి లేని సీసాలో గట్టిగా మూత పెట్టి, రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే చేసుకోవాలి. వండేటప్పుడు రెండు చెంచాల ఉగ్గుపిండిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, పది నిమిషాలు సన్నని మంట మీద ఉడికించి, దించాక అర చెంచా నెయ్యి గాని నూనె గాని కలపాలి.

పలుచని జావ పోయడం చాలా ఇళ్లలో జరిగే తప్పు. బిడ్డ పొట్ట చిన్నది, అది నీళ్లతో నిండితే బలానికి చోటుండదు. చెంచా వంచినా జారిపోనంత చిక్కగా ఉండాలి. చిక్కనిది మింగలేకపోతే దానికి మన పెద్దలకు తెలిసిన ఉపాయం మొలకల పిండి. రాగులను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకెత్తాక ఎండబెట్టి, తేలికగా మాత్రమే వేయించి విసరాలి. మొలకల్లోని ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది. ఉడికిన ఉగ్గు కాస్త చల్లారాక ఈ పిండి ఒక చెంచా కలిపితే కొద్ది నిమిషాల్లో అది మెత్తగా జారుడుగా మారుతుంది, బలం మాత్రం తగ్గదు. తర్వాత మరొక్కసారి పొంగు రానిచ్చి, గోరువెచ్చగా తినిపించాలి.

ఎంత? ఎన్నిసార్లు?

మొదట రెండు మూడు చెంచాలతో ఆరంభించి, 6-8 నెలల వయసులో రోజుకు రెండు మూడు సార్లు, క్రమంగా పూటకు అర కప్పు వరకు పెంచాలి. ఇక్కడ కప్పు అంటే 250 మిల్లీలీటర్లు. 9-11 నెలల్లో మూడు నాలుగు సార్లు అర కప్పు చొప్పున, మధ్యలో ఒకటి రెండు సార్లు పండో మరేదో చిరుతిండి. ఏడాది దాటాక ముప్పావు కప్పు నుంచి కప్పు వరకు. వీటన్నిటితోపాటు తల్లిపాలు.

ఉగ్గు ఒక్కటే సరిపోదు. మెత్తగా నలిపిన అరటిపండు, ఉడికించిన గుమ్మడి, క్యారెట్, ఆకుకూర వేసిన పప్పన్నం ఉండాలి. బాగా ఉడికిన గుడ్డును కొద్దికొద్దిగా మొదలుపెట్టి, మూడు రోజులు చూసి పెంచాలి. మన ఇళ్లలో మాంసం వండుతాము, కాని పెద్దలు తిన్నాక బిడ్డకు కూర నీళ్లు మాత్రం మిగులుతాయి. ఇనుము ఉన్నది ముక్కలో, నీళ్లలో కాదు. కారం వేయకముందే రెండు ఖీమా ముద్దలో, చిన్న కాలేజా ముక్కో తీసి మెత్తగా నూరి అన్నంలో కలపండి. చేప అయితే ముళ్లు పూర్తిగా ఏరాలి. ఏడాది వరకు ఉప్పు, చక్కెర కలపకండి. ఆవుపాలను, గేదెపాలను అప్పటిదాకా తల్లిపాలకు బదులుగా పట్టించకండి. టీ అసలే వద్దు. అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. వేరుశనగ గింజల వంటివి గొంతుకు అడ్డం పడతాయి కనుక పొడి చేసి మాత్రమే వాడాలి.

వండే ముందు, తినిపించే ముందు సబ్బుతో చేతులు కడగాలి. పాలసీసా కంటే కడగడానికి తేలికైన గిన్నె, చెంచా మేలు. వండినది రెండు గంటల్లోపు తినిపించాలి, బిడ్డ ఎంగిలి చేసిన దానిని మరుపూటకు దాచరాదు. విరేచనాలైనప్పుడు పస్తు పెట్టకుండా ఓఆర్ఎస్ ద్రావణంతోపాటు తల్లిపాలు, ఆహారం కొనసాగించి వైద్యుని వద్దకు తీసుకెళ్లాలి.

డబ్బాలో లేనిది

1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ బక్కచిక్కిన పిల్లల కోసం ‘హైదరాబాద్ మిక్స్’ అనే మిశ్రమాన్ని రూపొందించింది. 40 గ్రాముల గోధుమలు, 16 గ్రాముల శనగపప్పు, 10 గ్రాముల వేరుశనగ, 20 గ్రాముల బెల్లం. మొదటి మూడింటిని వేయించి పొడి చేసి బెల్లం కలిపితే 330 కేలరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. బెల్లం ఉన్నది కనుక ఇది ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డకు నిత్యాహారం కాదు, వైద్యుల సలహాతో బలహీనమైన బిడ్డకు ఇచ్చేది. శాస్త్రవేత్తలు వెతికి వెతికి చివరకు చేరింది మన వంటింటి డబ్బాల దగ్గరికే. రెండేళ్లలోపు పిల్లల డబ్బా ఆహారాలకు, పాలపొడులకు, పాలసీసాలకు ప్రకటనలు చేయడాన్ని మన ప్రభుత్వం 1992 నాటి చట్టంతో, 2003 సవరణతో నిషేధించినది కూడా తల్లులు మోసపోరాదనే. తల్లి లేని బిడ్డకో, వైద్యులు అవసరమన్న బిడ్డకో డబ్బా పాలు పట్టవలసి వస్తే, చెప్పిన కొలత తప్పకుండా కలపాలి. కొలత తగ్గించి నీళ్లు పెంచడం బిడ్డను పస్తు పెట్టడమే.

ఇక తండ్రులకు ఒక మాట. ఉగ్గు విసరడం ఆడవారి పనే అనుకోకండి. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. పప్పు తేవడం, పిండి పట్టించడం, నెలకొకసారి అంగన్‌వాడీలో బిడ్డ బరువు తూయించడం, పాలిచ్చే భార్య కడుపునిండా తిన్నదో లేదో అడగడం మీ వంతు. పాలిచ్చే తల్లికి తన ఆరోగ్యం గురించి గాని, బిడ్డ గురించి గాని భయం ఉంటే రమజాను ఉపవాసాన్ని వాయిదా వేసుకునే వెసులుబాటు షరీఅత్ ఇచ్చింది. దానిని ఆమెకు నిందగా మార్చకండి.

ఆ పసివాని తండ్రిని మేము మద్రసాకు పిలిపించి, 233వ ఆయత్ భావాన్ని వివరించాము. వైద్యురాలి పర్యవేక్షణలో తల్లిపాలు మళ్లీ పెంచారు, సీసా మాన్పించారు, ఉగ్గు మొదలుపెట్టారు. మూడు నెలల తర్వాత ఈద్ నమాజుకు ఆ తండ్రి బిడ్డను చంకన వేసుకొని వచ్చాడు. వాడు మా గడ్డం పట్టుకొని గట్టిగా లాగాడు. ఆ నొప్పికి మేము అల్‌హమ్దులిల్లాహ్ అన్నాము.

ఇప్పుడు తహ్నీక్‌కు ఎవరు పిలిచినా జేబులో ఒక ఖర్జూరం పెట్టుకొని వెళ్తున్నాము. బిడ్డ చెవిలో అజాన్ పలికాక, తండ్రిని పక్కకు పిలిచి ఆరో నెల ఎప్పుడు నిండుతుందో లెక్క వేసి చెప్పి వస్తున్నాము. సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. ఆ అమానత్ గురించి మనల్ని అడిగే రోజున ఉగ్గుగిన్నె గురించి కూడా అడుగుతారు. అల్లాహ్ మన బిడ్డలకు ఆరోగ్యాన్ని, మనకు తెలుసుకునే బుద్ధిని, తెలియనిది అడిగే వినయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.