నున్నని గొట్టంలో ఒంటి గుండు

షాట్‌గన్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. ఒక్క పేలుడుతో పదులు, వందల సంఖ్యలో చిన్న సీసపు గుళ్లను వెదజల్లడం దాని పని. కౌజులకు, కుందేళ్లకు అవి సరిపోతాయి. జింకంత జంతువును మాత్రం చంపలేవు, గాయపరచి వదిలేస్తాయి. గాయంతో పరుగెత్తిన జింక ఎక్కడో పొదల్లో పడి రోజుల తరబడి బాధపడి చస్తుంది. ఆ చిన్న గుళ్ల బదులు ఒకే బరువైన గుండును అదే గొట్టంలోంచి సూటిగా పంపాలన్న ప్రయత్నం నుంచి పుట్టిందే స్లగ్.

ట్వెల్వ్ బోర్ అనే పేరులోనే ఆ గుండు కొలత ఉంది. ఒక పౌండు సీసంతో సమానమైన పన్నెండు గుండ్లు పోస్తే ఒక్కోటి ఎంత లావుంటుందో గొట్టం లోపల అంత వెడల్పు, అంటే దాదాపు 18.5 మిల్లీమీటర్లు. తొలిరోజుల్లో వేటగాళ్లు ఇలాంటి గుండ్రని గుండునే వాడారు. గొట్టంలో ఇరుక్కోకుండా దాన్ని కాస్త వదులుగా పోసేవారు. వదులుగా ఉన్న గుండు గొట్టం గోడలకు తగులుతూ వచ్చి, చివరి దెబ్బ ఏ వైపు తగిలితే దాన్నిబట్టి గిరగిరా తిరుగుతూ బయటపడేది. తిరిగే బంతి గాలిలో పక్కకు వంగుతుంది. క్రికెట్‌లో స్పిన్నర్ బంతి గాలిలోనే దారి మళ్లడం చూసినవారికి ఇది కొత్త కాదు. అందుకే నలభై, యాభై గజాలు దాటితే గుండ్రని గుండును నమ్మడానికి లేదు.

ఎగిరే వస్తువు తిన్నగా పోవాలంటే దారులు రెండే. అది బొంగరంలా తన ఇరుసు మీద తిరగాలి, లేదా బాణంలా తోక తేలికగా, ముందు బరువుగా ఉండాలి. స్లగ్ చరిత్ర ఈ రెండు దారుల్లోనూ నడిచింది.

బొంగరం దారి మన దేశంతో ముడిపడినది. భారత సైన్యంలో పనిచేసి, 1863లో అంబేలా పోరులో విక్టోరియా క్రాస్ పొందిన జార్జ్ విన్సెంట్ ఫాస్బెరీ 1885లో ఒక పేటెంటు తీసుకున్నాడు. గొట్టమంతా నున్నగానే ఉంచి, చివరి రెండు అంగుళాల్లో మాత్రం మెలితిరిగిన గాడులు చెక్కడం ఆయన ఉపాయం. చిన్న గుళ్లు వాటి మీదుగా మామూలుగానే వెళ్తాయి. ఒంటి గుండు మాత్రం ఆ చివరి క్షణంలో మెలి అందుకుంటుంది. లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థ దాన్ని ‘పారడాక్స్’ పేరుతో అమ్మింది. ఉదయం అడవి కోడిని, సాయంత్రం పులిని ఒకే తుపాకీతో కొట్టాలనుకున్న తెల్లదొరలు దాన్ని భారతదేశానికి తెచ్చుకున్నారు.

బాణం దారిని జర్మనీలో విల్‌హెల్మ్ బ్రెన్నెకె 1898లో చూపాడు. గట్టి సీసపు ముక్క వెనక తేలికైన ఉన్ని బిళ్లను మరతో బిగించాడు. అది గుండుతోపాటే ఎగిరి తోకలా పనిచేస్తుంది. 1931లో అమెరికాకు చెందిన కార్ల్ ఫాస్టర్ తోక కూడా లేకుండా చేశాడు. కుట్టుపనివాళ్ల వేలితొడుగులా వెనక బోలుగా, ముందు బరువుగా సీసాన్ని మలిచాడు. దాని చుట్టూ కనిపించే వాలు గీతలు మెలి కోసమని చాలామంది అనుకుంటారు. వాటివల్ల వచ్చే తిరుగుడు నామమాత్రం. గొట్టం చివరి బిగువైన చోట సీసం నలిగి సర్దుకోవడానికే అవి ఎక్కువగా ఉపయోగపడతాయి.

తరువాత వచ్చిన సేబో స్లగ్ మళ్లీ బొంగరమే. సన్నటి గుండు చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. పూర్తిగా గాడులున్న గొట్టంలో ఆ తొడుగు గాడులను పట్టుకుని గుండును తిప్పుతుంది, బయటికి రాగానే ఊడిపోతుంది. కాబట్టి స్లగ్ ఎంపికను నిర్ణయించేది గొట్టమే. నున్నని గొట్టానికి ఫాస్టర్ లేదా బ్రెన్నెకె, గాడుల గొట్టానికి సేబో. నున్నని గొట్టంలో సేబో వేస్తే తిరగదు, ఖర్చు దండగ. నున్నని గొట్టంతో డెబ్బై గజాల వరకు, సేబోతో నూట యాభై వరకు గురిని నమ్మవచ్చు. ఒకే రకం స్లగ్ రెండు తుపాకుల్లో రెండు తీర్లుగా పోతుంది గనుక కాగితం మీద కొట్టి చూడకుండా వేటకు వెళ్లడం జంతువుకు చేసే అన్యాయం.

ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల ఫాస్టర్ స్లగ్ గొట్టం దాటేటప్పుడు సెకనుకు దాదాపు 480 మీటర్ల వేగంతో ఉంటుంది. వంద గజాలకు 300 మీటర్లకు పడిపోతుంది. మొద్దు ఆకారం వల్ల గాలి దాన్ని త్వరగా ఆపేస్తుంది. ఈ లోపమే దానికి గిరాకీ తెచ్చింది. రైఫిల్ తూటా గురి తప్పితే కిలోమీటర్లు పోతుంది. ఊళ్లు దగ్గరగా ఉన్న ఒహాయో, ఇల్లినాయ్ వంటి చదును రాష్ట్రాలు అందుకే చాలాకాలం జింకల వేటకు రైఫిళ్లను కాదని షాట్‌గన్‌నే అనుమతించాయి.

అనంతపురం పీఠభూమి కూడా చదునే. ఉరవకొండ, విడపనకల్లు, వజ్రకరూరు నల్లరేగడి పొలాల్లో కృష్ణజింకల మందలు తిరుగుతాయి. శాస్త్రం ప్రకారం కృష్ణజింక ఏటా కొమ్ములు రాల్చే జింకజాతిది కాదు, ఆంటిలోప్. అరకొర వానతో మొలిచిన శనగ, వేరుశనగలను మంద మేసిపోతే రైతుకు ఆ ఏటి కష్టం పోయినట్టే. చేను చుట్టూ పాత చీరలు కట్టి, డబ్బాలు కొట్టి, రాత్రుళ్లు కాపలా కాసే వాళ్ల బాధ నిజమైనది.

1959 ఆయుధాల చట్టం పంట కాపుకు నోటి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఉంచింది. అయితే తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన జింక మీద హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలులోని జంతువును చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వగలిగేది అది మనిషి ప్రాణానికి ప్రమాదకరమైనప్పుడు, లేదా కోలుకోలేని గాయమో రోగమో ఉన్నప్పుడు. పంట నష్టం ఆ కారణాల్లో లేదు. 1991 సవరణతో వేట లైసెన్సుల పద్ధతే పోయింది.

జింకను చంపరాదన్న మాట ఈ నేల మీద కొత్తది కాదు. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలోని ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన మొదటి శాసనం రాజు వంటశాలకు చంపుతున్న రెండు నెమళ్లను, ఒక జింకను కూడా ఇక చంపబోమని ప్రకటించింది. ఇప్పుడు కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, జరిమానా.