కొనగోటి కట్టడం

ఆషాఢమాసం వచ్చినదంటే నెల్లిమర్లలోనైనా, మరే తెలుగు ఊరిలోనైనా ఆడపిల్లల చేతులు గోరింటతో ఎర్రబారుతాయి. అరచేతి ఎరుపు కొద్ది రోజులకే వెలిసిపోతుంది గాని, గోటి ఎరుపు అంత సులభంగా పోదు. అది గోటితోపాటు ముందుకు జరుగుతుంది. ఆశ్వయుజంలో విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగేనాటికి ఆ ఎరుపు కొనవైపు చేరి, మొదట కొత్తగోరు తెల్లగా కనబడుతుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుందన్న సంగతిని గోరింట మనకు ఏటా చూపుతూనే ఉన్నది. ఈ లెక్క మన ప్రసంగానికి ముందు ముందు అవసరమవుతుంది.

గోరు పెరిగేదాకా ఆగకుండా, ఒకటి రెండు గంటలలో దానిని పొడిగించే పద్ధతి నేడు బ్యూటీ పార్లర్లలో వ్యాపించినది. తయారైన ప్లాస్టిక్ గోటిని అంటించడం ఒక విధం. వేలికి కాగితపు అచ్చు తొడిగి, దానిమీద జెల్ అనే చిక్కని పదార్థంతో గోటిని మలచడం మరొక విధం. ఆ అచ్చును ఫారం అంటారు. సామగ్రి అంతా ఒక పెట్టెలో ఇంటికే వస్తున్నందువలన చిన్న పట్టణాల యువతులు సైతం దీనిని ఇంటివద్ద అభ్యసిస్తున్నారు. కొందరికి ఇది అలంకారం, మరికొందరికి జీవనోపాధి. ఉభయులూ తెలుసుకొనవలసిన విషయాలు కొన్ని ఉన్నవి.

ఈ విద్యకు పుట్టినిల్లు దంతవైద్యం. 1954లో అమెరికాలో ఫ్రెడ్ స్లాక్ అనే దంతవైద్యుడు తన గోరు విరిగినప్పుడు పళ్లకు వాడే ఆక్రిలిక్ పదార్థాన్ని తీసుకొని, పలుచని అల్యూమినియం రేకును ఆధారంగా పెట్టి గోటిని బాగుచేసుకొన్నాడని చెబుతారు. నేటి కాగితపు ఫారం చేసే పనీ ఆ రేకు చేసిన పనే.

ఇంటికి శ్లాబు వేయడం చూసినవారికి ఫారం సంగతి వేరే చెప్పనక్కరలేదు. కాంక్రీటు గట్టిపడేవరకు దానిని మోసేది కింది సెంట్రింగు. గట్టిపడిన తరువాత చెక్కలు తీసివేస్తారు. ఫారం కూడా అంతే. దానిని గోటి కొన కిందికి సందు లేకుండా చేర్చవలెను. అయితే కింది మెత్తని చర్మాన్ని నొక్కరాదు. ముందునుంచి చూసినా, పక్కనుంచి చూసినా అది వేలి వరుసలోనే సాగవలెను. గోటి అంచుకు సరిపోకపోతే కత్తెరతో కాగితాన్ని సవరించుకొనవలెనే గాని, బలవంతంగా అంటించరాదు. సెంట్రింగు వంకరైతే శ్లాబు వంకరైనట్లే, ఇక్కడ జరిగిన పొరపాటు తరువాత ఎంత ఆకురాయి పెట్టినా పూర్తిగా దిద్దుబాటు కాదు.

ఫారం తొడగడానికి ముందు గోటిని శుభ్రపరచి, మొదట అంటియున్న మృతచర్మాన్ని తొలగించి, పైమెరుపు మాత్రమే పోయేటట్లు మెత్తగా రుద్దుతారు. ఆపైన పలుచని ఆధారపు పూత, తరువాత గోటినుంచి ఫారం మీదికి సాగే పలుచని పొర, చివర బలానికి మందమైన పొర వేస్తారు. ప్రతి పొరనూ దీపం కింద గట్టిపరుస్తారు. ఈ మందం అంతటా సమంగా ఉండరాదు. గోరు వేలిని విడిచి బయటికి సాగే చోటనే విరుపు ఎక్కువ. కాబట్టి జెల్ ఆ ప్రాంతంలో కాస్త ఎత్తుగా నిలిచి, మొదటికీ కొనకూ పలుచబడవలెను. పని ముగిసిన తరువాత ఫారం ఊడదీసి, ఆకురాయితో తీర్చి, మెరుపుపూత వేస్తారు.

జెల్ గట్టిపడేది ఆరిపోవడం వలన కాదు. అందులోని ఆక్రిలేట్, మెథాక్రిలేట్ అణువులు అతినీలలోహిత కాంతి గాని, దానికి చేరువైన ఊదా కాంతి గాని సోకినప్పుడు ఒకదానికొకటి గొలుసుగా ముడిపడతాయి. అప్పుడు వేడి పుడుతుంది. పొర మందమైతే వేడి చురుక్కుమంటుంది; వెంటనే చేయి వెలుపలికి తీయవలెను. ఏ జెల్‌కు ఏ దీపం, ఎంతసేపు అన్నది తయారీదారు చెప్పినట్లే పాటించవలెను. దీపం చాలకపోతే పైన గట్టిగా కనబడినా లోపల పచ్చిగా మిగలవచ్చు.

ఆ పచ్చి జెల్‌తోనే అసలు ప్రమాదం. అది పదేపదే చర్మానికి సోకితే కొందరికి వేళ్లు ఎర్రబడి, దురదపెట్టి, పగుళ్లు బారుతాయి. చేతులు తాకిన ముఖానికి, కనురెప్పలకు కూడా దద్దుర్లు రావచ్చు. ఒకసారి ఏర్పడిన ఈ అసహనం సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఈ కుటుంబానికి చెందిన పదార్థాలనే పళ్ల పూరకాలలోనూ, ఎముకల శస్త్రచికిత్సలో వాడే సిమెంటులోనూ, మధుమేహరోగులు ఒంటికి అంటించుకొనే కొన్ని పరికరాల జిగురులోనూ వాడుతారు. కనుక ఇరవై ఏండ్ల వయసులో గోటి ముచ్చటకు తెచ్చుకొన్న బాధ అరవయ్యవ ఏట వైద్యానికి అడ్డు రావచ్చు. యూరోపియన్ యూనియన్ ఇట్టి పదార్థాలలో ముఖ్యమైన హెమాను గోటి అలంకరణలో వృత్తినిపుణులు మాత్రమే వాడవలెనని 2020లో నిబంధన చేసినది. కాంతికి జెల్‌ను గట్టిపరచే టీపీఓ అనే మరొక పదార్థాన్ని అలంకరణ సామగ్రిలో 2025 సెప్టెంబరు 1 నుంచి నిషేధించినది.

అందుచేత జెల్‌ను గోటి అంచుకు వెంట్రుకవాసి ఇవతలే ఆపవలెను. చర్మానికి సోకినదాన్ని దీపం పెట్టకముందే తుడిచివేయవలెను. అందరికంటె ఎక్కువ జాగ్రత్త పడవలసినది పనిచేసే అమ్మాయి. వచ్చినవారికి నెలకొకసారి సోకేది ఆమెకు దినదినమూ సోకుతుంది. రబ్బరు తొడుగులలోనుంచి ఈ పదార్థం త్వరగా దిగుతుంది. నైట్రైల్ తొడుగులు మేలు గాని, వాటినీ తరచు మార్చవలెను. ఆకురాయి పొడి పీల్చకుండా ముక్కుకు గుడ్డ, గదికి గాలి అవసరం.

ఇప్పుడు గోరింట లెక్క గుర్తు చేసుకొందాము. మూడు వారాలలో గోరు సుమారు 2 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. దానితో జెల్ ఎత్తు కూడా తన చోటు విడిచి కొనవైపు పోతుంది. మొదట ఖాళీ, కొనలో బరువు! పొడుగు కర్ర చివర నొక్కితే బండ లేచినట్లు, బిందె ఎత్తినప్పుడో తలుపు గడియ తీసినప్పుడో కొన తగిలితే అసలు గోరే లేచివస్తుంది. కాబట్టి రెండు మూడు వారాలకొకసారి మొదట పూరించి, ఎత్తును సరిచేయించుకొనవలెను, లేదా తీసివేయించుకొనవలెను. పీకివేయడం మాత్రం తగదు. దానితో గోటి పై పొరలూ లేచిపోతాయి. కొన్ని జెల్‌లు అసిటోన్‌లో మెత్తబడుతాయి; గట్టి రకాలను ఆకురాయితోనే అరగదీయవలెను.

వేలు వాచినా, గోరు పచ్చబడినా, చుట్టూ దురద పుట్టినా దానిపై మరో పూత వేయక చర్మవైద్యునికి చూపవలెను. ఇంటిపనులు చేసుకొనే చేతికి పొట్టిగోరే క్షేమం. పొడవు కోరుకొనేవారు మాత్రం రంగు ఎంచుకొనేముందు, ఆ పని చేసే చేతుల శుభ్రతనూ, నైపుణ్యాన్నీ ఎంచి చూసుకొనడం మంచిది.