తప్పించుకుంటే గెలిచినట్టే

ఆత్మరక్షణ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి కరాటే దెబ్బలు, పెప్పర్ స్ప్రే. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువతిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత, ఆడవాళ్లు స్ప్రే వెంట తెచ్చుకోవడానికి హైదరాబాద్ మెట్రో అనుమతిచ్చింది. దానికి లైసెన్సు అక్కర్లేదు. అందులో ఉండేది మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసినే. కళ్లలో పడితే రెప్పలు వాటంతటవే మూసుకుపోతాయి, దగ్గు ముంచుకొస్తుంది. కాని ఆ డబ్బా బ్యాగు అడుగున టిఫిన్ బాక్సు కింద పడుంటే ఉన్నా లేనట్టే. నడిచేటప్పుడు అది చేతిలోనో, చటుక్కున అందే జేబులోనో ఉండాలి. ఎదురుగాలి వీస్తుంటే మన కళ్లలోనే పడుతుంది. గడువు దాటితే లోపలి ఒత్తిడి తగ్గి తుంపర దూరం పోదు. కొన్నవాళ్లలో ఎంతమంది ఒక్కసారైనా ఆరుబయట నొక్కి చూశారో!

స్ప్రే కొట్టినా, గుద్దినా, అరిచినా మనకు దక్కేది కొన్ని క్షణాలే. వాటిని పరుగుకే వాడుకోవాలి. అవతలివాడు తూలాడు కదా, ఇంకో దెబ్బ వేద్దామని నిలబడితే చేతికొచ్చిన అవకాశం పోతుంది. చట్టం దగ్గర కూడా చిక్కే, ఆ సంగతి తర్వాత చెబుతాను.

బండి మీద వచ్చి మెడలో గొలుసు లాగే దొంగతో పెనుగులాట వద్దు. గొలుసు పట్టుకుని వేలాడితే రోడ్డు మీద ఈడ్చుకుపోతారు. బతికుంటే బలుసాకు తినొచ్చు. మనిషినే బండిలోకి లాక్కుపోవాలని చూసేవాడి సంగతి వేరు. వాడి ఉద్దేశం నలుగురు లేని చోటికి తీసుకుపోవడం. కాబట్టి అక్కడ మొదటి క్షణం నుంచే ఎదురుతిరగాలి.

ఎవడైనా మణికట్టు పట్టుకున్నాడనుకోండి. అందరూ చేసే పని చేతిని వెనక్కి గుంజుకోవడం. బలం వాడిదైతే ఆ లాగుడులో ఓడిపోతాం. వాడి పట్టును ఒకసారి చూడండి: నాలుగు వేళ్లు ఒకవైపు, బొటనవేలు ఒక్కటీ ఇంకోవైపు. ఆ రెండూ కలిసేచోటే పట్టు బలహీనం. మన మణికట్టు సన్నటి అంచును ఆ సందువైపు తిప్పి, మోచెయ్యి మడిచి ఒక్క ఊపున లాగితే నాలుగు వేళ్ల బలంతో పనిలేకుండా చెయ్యి బయటికొస్తుంది. ఇంట్లో తమ్ముడితోనో వదినతోనో కలిసి సాధన చేస్తే తప్ప ఇది చదివినంత మాత్రాన చేతికి రాదు.

కొట్టక తప్పనప్పుడు పిడికిలి కన్నా మణికట్టు దగ్గరుండే అరచేతి గట్టి భాగమే మేలు. అలవాటు లేని పిడికిలితో ముఖం మీద గుద్దితే చిటికెనవేలి వెనక ఎముక విరిగేది మనకే. ముక్కు, కళ్లు, మోకాలు ఎంత కండలున్నవాడికైనా సున్నితమైన చోట్లే. వేళ్ల సందుల్లో తాళం చెవులు పెట్టుకుని పొడవమనే సలహా మాత్రం నాకు నచ్చదు. దెబ్బ తగలగానే చెవి జారి మన వేళ్లే కోసుకుపోతాయి.

గొంతుకూ బలం ఉందని ఎవరూ చెప్పరు. కాని అరుపు కూడా తెలిసి అరవాలి. 1968లో అమెరికాలో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, చూసేవాళ్లు ఎక్కువైన కొద్దీ ఒక్కొక్కరు సాయానికి కదిలే అవకాశం తగ్గింది. ఇంకెవరో చూసుకుంటారులే అన్న ధోరణి అది. అందుకే "ఎవరైనా రండి" అనకుండా ఒకరిని పట్టి పిలవాలి: "నీలం చొక్కా అన్నా, మిమ్మల్నే, 112కి ఫోన్ చేయండి!" వేలెత్తి చూపిన మనిషికి తప్పించుకోవడం కష్టం.

ఇన్ని తెలిసినా ఆ క్షణాన కాళ్లూ చేతులూ ఆడకపోవచ్చు. అది పిరికితనం అనుకోవద్దు. భయానికి శరీరం అలా బిగుసుకుపోవడమూ సహజమే. శరీరంతో ఎదిరించలేదన్న ఒక్క కారణంతో స్త్రీ ఒప్పుకున్నట్టు భావించకూడదని అత్యాచార చట్టంలోనే రాసి ఉంది. "మరి ఎందుకు అరవలేదు?" అని అడిగే పెద్దమనుషులు ముందు ఆ సెక్షన్ చదవాలి.

ఇక చట్టం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. పాత ఐపీసీలో ఇవే 96 నుంచి 106. మన ఒంటినే కాదు, పక్కవారి ఒంటిని కాపాడటానికీ హక్కుంది. ప్రాణం పోతుందనో, తీవ్రగాయం అవుతుందనో న్యాయమైన భయం ఉన్నప్పుడు, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి లాంటివాటిలో ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాదు. యాసిడ్ దాడిని ఈ జాబితాలో 2013లో చేర్చారు. ప్రమాదం మీదికొస్తున్నదన్న భయంతో హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. పారిపోతున్నవాణ్ణి వెంబడించి కొడితే అది ఆత్మరక్షణ కిందికి రాదు. అలాగని దాడిలో ఉన్న మనిషి ప్రతి దెబ్బనూ త్రాసులో తూచి వేయాలని కోర్టులు అడగవు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది. స్ప్రేకీ ఇదే లెక్క. ఒక ఆస్తి గొడవలో దాన్ని వాడినవారిపై కేసు కొట్టేయడానికి 2024లో కర్ణాటక హైకోర్టు ఒప్పుకోలేదు. అక్కడ ప్రాణానికి ముప్పు కనిపించలేదంది.

పైన చెప్పినవన్నీ ఎక్కువగా ముక్కూమొహం తెలియనివాళ్ల గురించి. కాని మన దేశంలో నమోదైన అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. చుట్టం మీద, సీనియర్ మీద, ఇంటి ఓనర్ మీద చెయ్యెత్తడం కన్నా ముందు "వద్దు" అనడమే కష్టం. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో సుమారు 900 మంది మొదటి సంవత్సరం అమ్మాయిలపై జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. సగం మందికి 12 గంటల శిక్షణ ఇచ్చారు. అందులో దెబ్బలు కొట్టడం ఒక భాగమే. తెలిసినవాడి ప్రవర్తనలో తేడా పసిగట్టడం, మొహమాటం దాటి గట్టిగా మాట్లాడటం మిగతాది. ఏడాది తర్వాత చూస్తే అత్యాచారానికి గురైనవాళ్లు శిక్షణ పొందినవారిలో 5.2 శాతం, పొందనివారిలో 9.8 శాతం. మన కాలేజీల్లో ఏడాదికోసారి వేదిక మీద పెంకులు పగలగొట్టించి చప్పట్లు కొట్టించే కార్యక్రమాలకు బదులు ఈ 12 గంటలు పెడితే బాగుంటుంది.

ఈలోగా మీ ఫోన్ సెట్టింగుల్లో ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్ తెరిచి చూడండి. పవర్ బటన్ వరసగా నొక్కితే సాయానికి ఫోన్ వెళ్లే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంది. కొన్నిటిలో మూడుసార్లు, కొన్నిటిలో ఐదుసార్లు నొక్కాలి. మీ ఫోన్‌లో ఎన్నిసార్లో ఇప్పుడే తెలుసుకోండి, ఇంట్లో అమ్మ ఫోన్‌లో కూడా చూసిపెట్టండి.